రీల్‌లో లేని 38 నిమిషాలు

‘‘బావా, మనోడి బ్యాటింగ్ వీడియో ఒకటి గట్టిగా కట్ చేసి పెట్టవా! చూసినోడికి దిమ్మ తిరిగిపోవాలంతే.’’

2025 వేసవిలో మా బావ పెట్టిన వాయిస్ మెసేజ్ ఇది. మనోడంటే మా అక్క కొడుకు. పదమూడేళ్లు. వాడు బ్యాటు ఊపితే బంతి వెళ్లి పక్క దొడ్లో కొబ్బరిచెట్టు మొవ్వులో పడుతుంది.

మాది నరసాపురం. పెళ్లిళ్లకీ ఫంక్షన్లకీ వీడియోలు తీసి, ఎడిట్ చేసివ్వడం నా పని. కాబట్టి బావ నన్ను అడగడంలో వింతేం లేదు. ఆదివారం పొద్దున్నే ఫోనుకి స్టాండు తగిలించి గ్రౌండులో పెట్టాను. మనోడి కంటే మూడు నాలుగేళ్లు పెద్ద కుర్రాళ్లు బంతులేశారు. మొత్తం 39 నిమిషాల ఫుటేజ్ వచ్చింది. రాత్రికి అందులోంచి 40 సెకన్ల రీల్ తయారైంది. ఆరు సిక్సర్లు, రెండు స్లోమోషన్లు, వెనకాల డప్పు బీటు. చివర్లో పెద్ద అక్షరాలతో ‘నరసాపురం నుంచి నెక్స్ట్ వైభవ్ సూర్యవంశీ’.

ఆ పేరే ఎందుకో మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్ 28న జైపూర్‌లో ఆ పద్నాలుగేళ్ల కుర్రాడు గుజరాత్ టైటాన్స్ మీద 35 బంతుల్లో సెంచరీ కొట్టాడు. ఆ రాత్రి ఎంతమంది నాన్నలు నిద్రపోతున్న కొడుకు వైపు కొత్తగా చూసుంటారో! మా బావ అయితే చూసి ఊరుకోలేదు, లెక్కలు కూడా వేసుకున్నాడు.

మూడు రోజుల్లో రీల్‌కి 84 వేల వ్యూస్ వచ్చాయి. ‘ఐపీఎల్ పక్కా’ అని ఒకరు. ‘ఇండియా క్యాప్ లోడింగ్’ అని ఇంకొకరు. ‘గోదారి దెబ్బ అంటే ఇదీ’ అని భీమవరం నుంచి ఎవరో. నేను కూడా ఒక్కో కామెంటూ చదువుకుని మురిసిపోయాను. అబద్ధం ఎందుకూ, మనోడి ఆటకంటే నా ఎడిటింగ్‌కే ఎక్కువ మురిశాను.

ఆ 39 నిమిషాల్లో మనోడు ఏడుసార్లు బౌల్డయ్యాడు. ఓ పాతిక బంతులు బ్యాటుకి తగలకుండానే పోయాయి. రెండుసార్లు కాలికి తగిలి కుంటాడు. అవన్నీ కోసేశాను. నాకది తప్పనిపించలేదు. పెళ్లి వీడియోలో అలిగి వెళ్లిపోయిన పెద్దమావయ్య ఉండడు. పప్పు మాడిన సంగతీ ఉండదు. ఉంటే డబ్బులెవరిస్తారు?

నాలుగో రోజు బావ ఫోన్ చేశాడు. ఈసారి గొంతు మారింది.

‘‘నిర్ణయం తీసేసుకున్నాను బావా. మనోణ్ణి స్కూలు మాన్పించేసి విశాఖ తీసుకుపోతాను. అకాడమీలో వేస్తాను. అరెకరం అమ్మేద్దామనుకుంటున్నాను. చెరువు లీజుకిచ్చేస్తే నెలనెలా తిండికి సరిపోద్ది. నితీశ్ వాళ్ల నాన్న ఉద్యోగం వదిలేసుకోలేదా?’’

నిజమే, వదులుకున్నారు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 114 కొట్టినప్పుడు, స్టాండ్స్‌లో ముత్యాలరెడ్డిగారు ఏడుస్తూ చేతులెత్తి దండం పెట్టడం మనందరం చూశాం. ఆయన కొడుకు ఆట కోసమే ఉద్యోగం వదిలేశారు. ఆ కథ నిజం. కానీ కొడుకు కోసం ఉద్యోగం వదిలేసిన మిగతా నాన్నల దగ్గరికి కెమెరా వెళ్లదు కదా.

ఆ మాట నేను బావతో అనలేదు. అనే హక్కు మా ఇంట్లో ఒకరికే ఉంది. ఆయన ఆ రీల్ గురించి అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన మా అన్నయ్య.

మన రాయుడు

అన్నయ్య ఇప్పుడు చేపల మేత, రొయ్యల మేత అమ్మే షాపు నడుపుతున్నాడు. 37 ఏళ్లు, కాస్త పొట్ట. కొత్తవాళ్లకి ఆయన షాపు ఓనరు అంతే. కానీ నలభై దాటినవాళ్లు ఇప్పటికీ షాపు ముందు బండి ఆపి, ‘‘ఏంటి రాయుడూ, బాగున్నావా?’’ అంటారు. మా ఇంటిపేరు రాయుడు కాదు.

ఆ పేరు 2002 నవంబరులో వచ్చింది. అప్పటికి అన్నయ్యకి పద్నాలుగేళ్లు, నాకు ఎనిమిది. సికింద్రాబాద్‌లో హైదరాబాద్‌కీ ఆంధ్రకీ రంజీ మ్యాచ్. గుంటూరులో పుట్టిన పదిహేడేళ్ల అంబటి రాయుడు హైదరాబాద్ తరఫున ఆడుతూ మొదటి ఇన్నింగ్స్‌లో 210, రెండో ఇన్నింగ్స్‌లో 159 నాటౌట్ కొట్టాడు. ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ. అంతకుముందే ఆ ఏడాది ఇంగ్లండ్‌లో అండర్-19 వన్డేలో 177 నాటౌట్ చేసి ఉన్నాడు. అప్పట్నుంచీ పేపర్లన్నీ ‘మరో సచిన్’ అనేవే.

మా వీధి అరుగుల మీద ఆ స్కోరుకి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. కొట్టింది మనవాడే, కొట్టించుకుందీ మనవాళ్లే. అదే వారంలో అన్నయ్య ఓ టోర్నమెంటులో పెద్దోళ్ల బౌలింగ్‌లో 80 పైచిలుకు కొట్టాడు. టీ కొట్టు దగ్గర ఎవరో ‘‘మనకీ ఓ రాయుడున్నాడ్రోయ్’’ అన్నారు. అంతే, పేరు అతుక్కుపోయింది.

2004 సంక్రాంతికి అన్నయ్య 52 బంతుల్లో 140 కొట్టాడు. టెన్నిస్ బంతే, గ్రౌండు కూడా ఓ పక్క చిన్నదే. అయినా లోకల్ కేబుల్ టీవీలో చూపించారు. గుడి దగ్గర బ్యానర్ కట్టారు. ‘భావి భారత క్రికెటర్’ అని రాసి పక్కన అన్నయ్య ఫొటో. పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తే అవతలి ఒడ్డున కూడా గుర్తుపట్టేవాళ్లు. వలంధర రేవు దగ్గర మేం ఐస్ కొనుక్కుంటే డబ్బులు తీసుకోలేదోసారి. ‘‘రేపు ఇండియాకి ఆడేటప్పుడు గుర్తుపెట్టుకో చాలు’’ అన్నాడతను. ఆ ఐస్ తిన్నది నేను. గుర్తుపెట్టుకోవాల్సింది అన్నయ్య.

లెదర్ బంతితో ఆడాలంటే మంచి బ్యాటు, ప్యాడ్లు, గ్లోవ్స్ కావాలి. మా అమ్మ లేసు అల్లేది. మా ఊరి ఆడవాళ్లకి అది తెలిసిన విద్యే. మధ్యాహ్నం గిన్నెలు కడుక్కుని, వీధి గుమ్మంలో కూర్చుని, దారం చుట్టూ వేలు తిప్పుకుంటూ అల్లుతూనే ఉంటారు. ముక్కకి ఇంత అని ఏజెంట్ ఇస్తాడు. అమ్మ ఆ ఏడాది ఎన్ని ముక్కలు అల్లిందో నాకు తెలియదు. అన్నయ్యకి మాత్రం బ్యాటు వచ్చింది. ఆ బ్యాటు మీద ఎవరినీ చెయ్యి వేయనిచ్చేది కాదు అమ్మ.

నేను చెప్పిన అబద్ధం

ఏలూరులో జిల్లా సెలక్షన్స్‌లో అన్నయ్య నెగ్గాడు. తర్వాత రాష్ట్ర జట్టు ట్రయల్స్‌కి పిలుపొచ్చింది, విశాఖలో. డ్రిల్లు మాస్టారు వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. నాలుగు రోజులు. అప్పటికి మా ఇంట్లో ఫోన్ లేదు.

మూడో రోజు స్కూల్లో పక్క బెంచీవాడు అడిగాడు, ‘‘మీ అన్నయ్య సెలక్టయ్యాడా?’’ అని. నాకు పదేళ్లు. తెలియదు అని చెప్పొచ్చు. ‘‘అయిపోయాడు’’ అని చెప్పాను. ఎందుకు చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అయిపోతాడని నాకు నమ్మకం. ఒకరోజు ముందు చెప్తే ఏమవుతుందిలే అనుకున్నాను.

వాడు ఇంటికెళ్లి వాళ్ల నాన్నకి చెప్పాడు. ఆయన టీ కొట్టులో చెప్పాడు. టీ కొట్టులో ఎవరో మా నాన్నకి చెయ్యి కలిపి మరీ చెప్పారు. సాయంత్రం నాన్న కాజాల పొట్లాలతో ఇంటికొచ్చాడు. ‘‘మనోడు సెలక్టయ్యాడంటే, ఊరంతా అంటున్నారు!’’ అని అమ్మకి నోట్లో పెట్టాడు. నేను పొద్దున్న చెప్పిన అబద్ధం సాయంత్రానికి నాన్న నోట్లోంచి నిజమై నా దగ్గరికే వచ్చింది. అది నేనే అన్నానని చెప్పడానికి నోరు రాలేదు. కాజా తిన్నాను.

మర్నాడు రాత్రి రైలుకి అన్నయ్య దిగేసరికి స్టేషన్లో ఇరవై మంది ఉన్నారు. దండ ఉంది. ఎవరో డప్పు కూడా తెచ్చారు. అన్నయ్య మెట్టు మీద ఒక్క క్షణం ఆగాడు. వెనకాల డ్రిల్లు మాస్టారు మొహం చూశాను, నాకు అర్థమైపోయింది. అన్నయ్య దిగాడు. దండ వేయించుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

అర్ధరాత్రి వంటింట్లో అమ్మతో చెప్పడం విన్నాను. మొదటి మ్యాచ్‌లో 4, రెండో మ్యాచ్‌లో 0. అమ్మ ‘‘పోనీలే నాన్నా’’ అంది. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. మూడో రోజు పేపర్లో జట్టు పేర్లు పడ్డాయి. అందులో మావాడి పేరు లేదు. బ్యానర్ మాత్రం ఇంకో నెల అక్కడే ఉంది. ఎవరూ విప్పలేదు, వాన వచ్చి చింపేసింది.

మరుసటి ఏడాది మళ్లీ వెళ్లాడు. మళ్లీ రాలేదు. తర్వాత భీమవరంలో డిగ్రీ. మూడేళ్లూ ఆఖరి బండికే ఊళ్లో దిగేవాడు. ముందు బండికొస్తే స్టేషన్ బయట ఎవరో ఒకరు ‘‘ఏం రాయుడూ, ఎప్పుడు ఇండియాకి?’’ అని అడుగుతారు. అడిగేవాళ్లలో ఎటకారం కొందరికే. చాలామంది ప్రేమతోనే అడిగేవారు. ప్రేమతో అడిగినవాళ్లకి జవాబు చెప్పడమే ఎక్కువ కష్టం అనేవాడు.

అసలు రాయుడు ఏమయ్యాడు?

అన్నయ్య ఆట మానేశాక కూడా అంబటి రాయుణ్ణి ఫాలో అవడం మానలేదు. నేనూ అంతే. మా ఇంట్లో అది ఓ సీరియల్‌లా నడిచింది.

2004లో బంగ్లాదేశ్‌లో అండర్-19 ప్రపంచకప్‌కి కెప్టెన్ రాయుడే. ఆ జట్టులో శిఖర్ ధవన్, సురేశ్ రైనా, దినేశ్ కార్తీక్, రాబిన్ ఊతప్ప, ఆర్పీ సింగ్ ఉన్నారు. కొద్ది ఏళ్లలో కార్తీక్, రైనా, ఊతప్ప, ఆర్పీ ఒక్కొక్కరే ఇండియాకి ఆడేశారు. అందరికంటే ముందు ఆడతాడనుకున్న కెప్టెన్ మాత్రం అక్కడే ఉండిపోయాడు. రంజీల్లో ఫామ్ పోయింది. ఓ సీజన్ హైదరాబాద్ వదిలి ఆంధ్రకి వచ్చి ఆడాడు, మళ్లీ వెళ్లిపోయాడు. 2007లో ఐసీఎల్‌లో చేరాడు. అది బోర్డు ఒప్పుకోని లీగ్. అందులో చేరినవాళ్లందరికీ బీసీసీఐ తలుపులు మూసేసింది. ఇరవై రెండేళ్లు కూడా నిండకుండానే దారి మూసుకుపోయిందనుకున్నాం. ‘‘మన రాయుడికీ అయిపోయింది, ఆ రాయుడికీ అయిపోయింది’’ అన్నాడు నాన్న ఓ రాత్రి అన్నం తింటూ. అన్నయ్య కంచం తీసుకుని లేచాడు.

కానీ కథ అక్కడ ఆగలేదు. 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టింది. రాయుడు తిరిగొచ్చాడు. 2010లో ముంబయి ఇండియన్స్. తర్వాత బరోడాకి మారి రంజీలు. చివరికి 2013 జూలైలో హరారేలో ఇండియా క్యాప్. ‘మరో సచిన్’ అన్న పిల్లాడికి అప్పటికి ఇరవై ఏడేళ్లు నిండాయి. మొదటి మ్యాచ్‌లోనే 63 నాటౌట్. ఆ రోజు అన్నయ్య షాపు మధ్యాహ్నమే కట్టేసి ఇంటికొచ్చి చూశాడు.

మొత్తం 55 వన్డేలు, 1,694 పరుగులు, సగటు 47.05. టెస్ట్ ఒక్కటీ ఆడలేదు. 2015 ప్రపంచకప్ జట్టులో ఉన్నాడు, ఒక్క మ్యాచ్‌లోనూ దించలేదు. 2019 కప్‌కి నాలుగో నంబరు తనదే అనుకుంటే విజయ్ శంకర్‌ని తీసుకున్నారు. అప్పటి చీఫ్ సెలెక్టర్ ఎమ్మెస్కే ప్రసాద్‌ది కూడా గుంటూరే. శంకర్ బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ చేస్తాడు, మూడు కోణాలున్న ఆటగాడు అన్నారాయన. కప్పు చూడ్డానికి 3డీ కళ్లద్దాలు ఆర్డర్ పెట్టానని రాయుడు ట్వీట్ చేశాడు. తర్వాత కోపంలో రిటైరయ్యాడు. రెండు నెలలు తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. 2023లో అహ్మదాబాద్‌లో ఐపీఎల్ ఫైనల్, తన ఆఖరి మ్యాచ్. 8 బంతుల్లో 19 కొట్టాడు. చెన్నై గెలిచింది. కప్పు అందుకునేటప్పుడు ధోనీ తను పక్కకి జరిగి రాయుణ్ణీ జడేజానీ ముందుకి పంపాడు. రాయుడికి అది ఆరో ఐపీఎల్ టైటిల్.

ఇప్పుడు చెప్పండి, ఇతను ఫెయిలైనట్టా? సచిన్ పక్కన పెట్టి చూస్తే అవును. టెస్ట్ టోపీ కూడా లేదు. మామూలుగా చూస్తే? కోట్లమంది బ్యాటు పట్టే దేశంలో 55 వన్డేల్లో ఇండియా జెర్సీ వేసుకుని, సగటు 47 దగ్గర నిలబెట్టినవాడు. రెండు లెక్కలూ ఒకే మనిషివి. మారిందల్లా మనం పదిహేడేళ్ల వయసులో అతని పక్కన పెట్టిన కొలబద్ద. అది అతను అడిగింది కాదు.

ఇలాంటి లెక్కలు ఇంకా ఉన్నాయి. 1988లో ముంబయి స్కూలు మ్యాచ్‌లో సచిన్, వినోద్ కాంబ్లీ కలిసి 664 పరుగులు జోడించారు. ఆ మ్యాచ్‌లో కాంబ్లీవే ఎక్కువ, 349. తర్వాత 17 టెస్టుల్లో కాంబ్లీ సగటు 54.20. ఆఖరి టెస్ట్ ఆడేనాటికి ఇరవై మూడేళ్లే. పేరు మాత్రం ‘సచిన్ కాలేకపోయినవాడు’గానే మిగిలింది. 2016లో కల్యాణ్‌లో ప్రణవ్ ధనావడే అనే పదిహేనేళ్ల పిల్లాడు స్కూలు మ్యాచ్‌లో 1,009 నాటౌట్ కొడితే ప్రపంచమంతా రాసింది. ఆ స్కోరు దాటినవాడు ఇప్పటికీ లేడు, ఆ పిల్లాడు ఇండియా దాకా రానూ లేదు.

ఇక 2012 అండర్-19 ప్రపంచకప్ ఫైనల్. కెప్టెన్ ఉన్ముక్త్ చంద్ 111 నాటౌట్ కొట్టి ఆస్ట్రేలియాని ఓడించాడు. టీవీ యాడ్లలో కనిపించాడు. ఇండియాకి ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే 2021లో ఇక్కడ రిటైరై అమెరికా వెళ్లిపోయాడు. ఆ జట్టులోనే మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఉన్నాడు. అప్పుడు అతని మీద ఏ బ్యానరూ లేదు. అతను 16 టెస్టులు ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి, 23 నాటౌట్‌గా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ని కాపాడాడు. ఆ 23 పరుగుల్ని నలభై సెకన్ల రీల్ చేయమంటే నేను చేయలేను. అందులో కొట్టిందేం లేదు. అన్నీ ఆపినవే.

ఫుల్ వీడియో ఉందా?

బావ ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి షాపు కట్టే టైముకి అన్నయ్య దగ్గరికెళ్లాను. రీల్ చూపించాను. ఒకసారి చూశాడు. నవ్వలేదు, మెచ్చుకోలేదు.

‘‘ఫుల్ వీడియో ఉందా?’’ అన్నాడు.

‘‘ఉంది. 39 నిమిషాలు. బోరు కొడుతుంది అన్నయ్యా.’’

‘‘పెట్టు.’’

మేత బస్తాల మీద కూర్చుని మొత్తం చూశాడు. సిక్సర్లు వచ్చినప్పుడు పట్టించుకోలేదు. బౌల్డయిన ప్రతిసారీ వేలితో వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. మూడోసారికి నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

‘‘చూడు, ముందు కాలు కదలట్లేదు. అక్కడే పాతేసినట్టుంది. బంతి తిన్నగా వస్తే ఫర్వాలేదు, కంటికీ చేతికీ ఉన్న లంకెతో లాగేస్తాడు. లోపలికొస్తే అయిపోయాడు. ఏడుసార్లూ అలాగే పోయాడు.’’

కాసేపాగి అన్నాడు, ‘‘విశాఖలో నేనూ అలాగే పోయాను. ఎడమచేతివాడు వేశాడు, లోపలికొచ్చింది. బంతి అలా వస్తుందని నాకు పదహారేళ్లు వచ్చేదాకా తెలీదురా. టెన్నిస్ బంతితో సంక్రాంతికి 140 కొట్టినోడికి, నీ కాలు కదలట్లేదని ఎవరు చెప్తారు?’’

ఎవరో తొక్కేశారనీ, డబ్బులిచ్చినోళ్లని తీసుకున్నారనీ మా ఊళ్లో ఇరవై ఏళ్లుగా అంటూనే ఉన్నారు. ఆ మాటలకి నాన్న కూడా తలూపేవాడు. అన్నయ్య ఆ రాత్రి మొదటిసారి చెప్పాడు. ‘‘ఎవరూ అన్యాయం చెయ్యలేదు. నాకు పదమూడేళ్లకే మీసం వచ్చింది. మిగతా పిల్లల కంటే జానెడు పొడుగు. కొట్టిందల్లా పోయేది. పదహారొచ్చేసరికి అందరికీ మీసాలొచ్చేశాయి. అప్పుడు తేలింది నా దగ్గరేముందో. ఇంకో రెండేళ్లు ఎవరైనా సరిగ్గా నేర్పుంటే ఏమో. కానీ అప్పటికే బ్యానర్ కట్టేశారుగా. బ్యానర్ మీదున్నోడు వెళ్లి, నాకు ముందు కాలు ఎలా వెయ్యాలో చెప్పండి అని ఎలా అడుగుతాడ్రా?’’

అప్పుడు చెప్పాను. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత. ‘‘సెలక్టయ్యావని స్కూల్లో చెప్పింది నేనే అన్నయ్యా.’’

ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. ‘‘నువ్వు కాకపోతే ఇంకెవడో చెప్పేవాడు. అందరికీ అదే వినాలనుంది’’ అన్నాడు. తర్వాత, ‘‘ఆ దండ మాత్రం చాలా బరువుందిరా’’ అన్నాడు. క్షమించేశాను అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు అన్నయ్య బావ ఇంటికొచ్చాడు. కాలు గురించి చెప్పాడు. వీడియోలో చూపించాడు. బావకి మొహం మాడిపోయింది.

‘‘నీకు రాలేదని వాడికీ రాదంటావా?’’ అనేశాడు. అక్క ‘‘ఏంటా మాట?’’ అని గదిమింది.

అన్నయ్య తగ్గలేదు, పెంచనూ లేదు. ‘‘రాదని అన్లేదు బావా. వస్తే నాకంటే సంతోషపడేవాడు లేడు. ఒక్క సంవత్సరం చూద్దాం. రోజూ పొద్దున్న ఆరింటికి పంపు, లెదర్ బంతితో నేనే వేస్తాను. స్కూలు మాన్పించకు. జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లనీ. అక్కడ రెండేళ్లు నిలబడితే అప్పుడు విశాఖ గురించి మాట్లాడుకుందాం. అరెకరం ఎక్కడికీ పోదు. అమ్మేశామనుకో, వాడు క్రీజులోకి వెళ్లిన ప్రతిసారీ ఆ అరెకరం కూడా వాడి నెత్తి మీద ఉంటుంది.’’

బావ ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. చెరువు దగ్గర పనుందని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నేను రీల్ డిలీట్ చేశాను. అప్పటికి లక్షా పదివేలు దాటింది. చెప్పినంత తేలిక కాదు సుమా, మీలో రీల్స్ పెట్టేవాళ్లకి తెలుస్తుంది. బావ నాతో పది రోజులు మాట్లాడలేదు. మేనల్లుడైతే ఏడ్చాడు. ‘‘స్కూల్లో అందరికీ చూపించాను చిన్న మావయ్యా, ఇప్పుడు లేదంటే ఫేక్ అంటారు’’ అన్నాడు. ఆ మాట విని నాకు పదేళ్ల నేను గుర్తొచ్చాను. ఏం చెప్పాలో తెలియక, ‘‘పెద్ద మావయ్య ఆరింటికి రమ్మన్నాడు’’ అన్నాను.

వాడు మొదటి రెండు రోజులూ రాలేదు. మూడో రోజు వచ్చాడు, బావే బండి మీద దింపాడు. దిగకుండా అలాగే వెళ్లిపోయాడు. అరెకరం సంగతి ఇంకా తేలలేదు. విశాఖ మాట ఇప్పటికీ ఇంట్లో వారానికోసారి వస్తూనే ఉంది.

నిన్న పొద్దున్న నేనూ వెళ్లాను. గోదారి మీంచి గాలి చల్లగా ఉంది. అన్నయ్య పదిహేను అడుగుల దూరం నుంచి బంతులు విసురుతున్నాడు. మనోడు ముందుకాలు వేయడానికి అవస్థపడుతున్నాడు. సిక్సర్ అన్నదే లేదు. ఓ బంతి లోపలికొచ్చింది. కాలు సగం దూరం వెళ్లి ఆగిపోయింది. మధ్య వికెట్ లేచిపోయింది. మనోడు బ్యాటు నేలకేసి కొట్టబోయి, పెద్ద మావయ్య మొహం చూసి ఆగాడు.

అన్నయ్య నా వైపు తిరిగాడు. ‘‘ఇది తీశావా?’’

‘‘తీశాను.’’

‘‘ఇది కొయ్యకు. సాయంత్రం షాపుకి పట్రా, ముగ్గురం కూర్చుని చూద్దాం’’ అని వికెట్ సరిచేసి, ఇంకో బంతి తీసుకున్నాడు.